కట్టడిలో ఎర్ర సీసాలు

భువన మొదటిసారి చూసినప్పుడు రత్నాకర్ మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చెరువు లోతు కొలుస్తున్నాడు. అది కూడా ఎక్కడో కాదు, కట్టడిలో.

"ఓ సారూ, గాడికెళ్లి బయటికి రాండ్రి" అంది కట్ట మీద నుంచి.

అతను తిరిగి చూశాడు. మెడలో కెమెరా, చేతిలో గీతలు గీసిన వెదురుకర్ర, మొహాన బోలెడంత నవ్వు. "చేపల్ని చూస్తున్నానండి" అన్నాడు.

"పడుతున్నరా, చూస్తున్నరా?"

"చూడ్డమేనండి. అదే నా ఉద్యోగం."

"చేపలను చూసేటందుకు జీతం గూడ ఇస్తరా?"

"ఇస్తారండి. తక్కువే ఇస్తారు."

ఇంకో అమ్మాయి అయితే నవ్వేసేది. భువన నవ్వలేదు. తియ్యగా మాట్లాడేవాడిని ఒకటికి రెండుసార్లు చూడాలని ఆమె పెట్టుకున్న నియమం. అతను బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుని, కట్ట దిగి వెళ్లేదాకా చూసి, వెళ్లాక అతను నిలబడ్డ చోటును ఇంకోసారి చూసి మరీ ఇంటికి కదిలింది.

ఎర్రమడుగు సిద్దిపేటకు పన్నెండు కిలోమీటర్లు, హుస్నాబాద్ రోడ్డు మీద. ఊరి పెద్ద చెరువులో తూము పక్కన నాలుగెకరాల లోతైన మూల ఒకటి ఉంది. ఏటా దసరా వచ్చేదాకా ఆ మూలలో ఎవరూ వల వేయరు, గాలం వేయరు. చేపలు అక్కడ గుడ్లు పెట్టి, పిల్లలు అక్కడ పెరిగి, తర్వాత చెరువంతా పంచుకుంటాయి. ఇది సర్కారు రూలు కాదు. మత్స్య సంఘంలోని నలభై ఇళ్లవాళ్లు తమకు తాము పెట్టుకున్న కట్టు. అందుకే దాని పేరు కట్టడి. దానికి కంచె లేదు, బోర్డు లేదు. ఒక్క షరతు మాత్రం ఉంది. ఒక్క వల కట్టడిలో పడినా సరే, ఆ ఏటికి కట్టడి లేనట్టే, అందరూ దిగొచ్చు. ఒకడు తింటుంటే ముప్పైతొమ్మిది మంది చూస్తూ కూర్చోవాల్సిన పని లేదని పాతవాళ్ల లెక్క.

భువన అనుమానానికి కారణం లేకపోలేదు. నాలుగేళ్ల కిందట ఇలాగే ఒకతను కెమెరా పట్టుకుని వచ్చాడు. ఆమె తండ్రి, సంఘం అధ్యక్షుడు సారయ్యను బాపూ అని పిలిచాడు. వాళ్లింట్లో నాలుగుసార్లు అన్నం తిన్నాడు. అతను పోయిన వారానికి బైకుల మీద ఎవరెవరో వచ్చి, కరెంటు వైర్లు దింపి, ఒక్క రాత్రిలో కట్టడిని ఊడ్చుకుపోయారు. సరిగ్గా లోతున్న చోటే దింపారు. ఆ లోతు ఎక్కడుందో కెమెరా అతనికి వేలుపెట్టి చూపించింది అప్పుడు డిగ్రీ చదువుతున్న భువనే. చెరువు కోలుకోవడానికి మూడేళ్లు పట్టింది. భువన ఇంకా కోలుకోలేదు.

ఇప్పుడు ఆమె సంఘానికి రాతకోతలు చూస్తోంది. ఈ రత్నాకర్‌కు సంఘం భవనం మీది గది ఇవ్వాలని సారయ్య అన్నప్పుడు వద్దని గట్టిగానే చెప్పింది. సారయ్య వినలేదు. పిలగాడు కాకినాడ దిక్కు, చేపలు పట్టేటోళ్ల ఇంట్ల పుట్టిండు, మన కులపోని లెక్కనే అన్నాడు.

ఆ మాట నిజమే. సముద్రం ఒడ్డున, మడ అడవుల పక్కన రత్నాకర్ ఊరు. అక్కడ ఆరు ఊళ్లు కలిసి సముద్రంలో ఒక ముక్కను వల వేయకుండా విడిచిపెట్టాయి. ఆ ఊళ్లకు సాయం చేసే ఒక సంస్థలో అతని ఉద్యోగం. ఇలాంటి కట్టడి ఇంకెక్కడెక్కడ నిలిచింది, ఎలా నిలిచింది అని చూసి రాసుకుని రమ్మని పంపారు.

"సముద్రం పెట్టుకొని మా చెరువుల ఏం నేర్సుకుంటరు?" అని భువన ఒకరోజు ముఖం మీదే అడిగింది.

"మా ఆరు ఊళ్లు ఒక మాట మీద నాలుగేళ్లు ఉండలేకపోతున్నాయండి" అన్నాడు. "ఇప్పటికే రెండు ఊళ్లు జారిపోయాయి. మీరు ముప్పై ఏళ్లుగా ఉన్నారు. ఎలాగో తెలుసుకుని వెళ్లకపోతే మిగతా నాలుగూ జారిపోతాయి."

ఆ మాట అన్నప్పుడు అతని మొహాన నవ్వు లేదు. భువనకు కాస్త నమ్మాలనిపించింది. నమ్మాలనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఈసారి వానలు ముందే పడ్డాయి. జూన్ మొదటి రోజున కట్ట మీద ఉండగా వాన అందుకుంటే ఇద్దరూ తూము దగ్గరి రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. షెడ్డు చిన్నది. భువన ఈ మూలకు, రత్నాకర్ ఆ మూలకు సర్దుకున్నా మధ్యలో మిగిలింది జానెడు. ఆ జానెడు జాగాలో అతను చూపు ఎటు పెట్టాలో తెలియక నీళ్ల మీద పెట్టాడు, అప్పుడు కనిపించింది. కట్టడి అంచున నీళ్లలో ఎర్రగా కుంకుమ కలిపినట్టు ఒక గుంపు కదులుతోంది.

"ఏంటండీ అవి?"

"కొర్రమీను పిల్లలు. కింద తల్లీ తండ్రీ ఉంటయి. దగ్గరికి ఏదొచ్చినా మీద పడి కరుస్తయి. వాటిల ఒక్కదాన్ని పట్టినా పిల్లలు దక్కయి." చెబుతున్న కొద్దీ భువనకు ఉత్సాహం వచ్చింది. బయటూరివాళ్లు కప్పను గాలానికి కుచ్చి సరిగ్గా ఈ కాలంలోనే వస్తారనీ, పట్టుకుంటే హద్దు యాడుందో మాకేం ఎరుక అని దబాయిస్తారనీ చెప్పింది. సంఘంవాళ్లకైతే ఈతచెట్టు నుంచి గుండురాయి దాకా హద్దు కళ్లు మూసుకున్నా తెలుసు.

రత్నాకర్ వింటూ వింటూ చేపల్ని మానేసి ఆమెను చూశాడు. ఆమె అది గమనించింది. చెంపలు వేడెక్కాయి. ఆ వెంటనే, అయ్యో, మళ్లీ గుట్టంతా చెప్పేసిన గదా అనుకుంది. వాన తగ్గకముందే షెడ్డులోంచి బయటపడి, తడుస్తూ ఇంటికి పోయింది.

నాలుగు రోజులకు అతను సిద్దిపేట బస్సెక్కడం చూసి, సంఘం పని ఉందని స్కూటీ తీసింది. మొహానికి స్కార్ఫ్ చుట్టుకుంది, కళ్లు తప్ప ఏమీ కనబడకుండా. అతను పాత సామాన్ల దుకాణంలో సంచెడు ఖాళీ సీసాలు కొన్నాడు. పక్క షాపులో ఎర్ర రంగు డబ్బా. ఇంకో షాపులో నైలాన్ తాడు చుట్ట. చూసేటందుకు జీతం తీసుకునేటోనికి తాడెందుకు?

చివరికి కోమటి చెరువు కట్ట మీదికి వెళ్లి ఫోన్ తీశాడు. భువన మక్కకంకుల బండి చాటున నిలబడింది.

"నలుగురూ వచ్చేయండి" అంటున్నాడు. "మిరుగం ముందు రోజు పొద్దున్నే సిద్దిపేటలో దిగితే ఆటో మాట్లాడి ఉంచుతాను. లేదు, ఇంకా చెప్పలేదు. ఇప్పుడే తెలిస్తే అనుమానపడుతుంది, మొత్తం చెడిపోతుంది."

భువన చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఫోన్ పెట్టేసి అతను నేరుగా బండి దగ్గరికే వచ్చాడు. "భువన గారూ, మొక్కజొన్న పొత్తు తింటారా?"

"మీరెవరు?" అంది స్కార్ఫ్ లోంచి.

"మూడు షాపుల నుంచీ మీ స్కూటీ నా వెనకాలే ఉందండి." నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఇక్కడికి ఎప్పుడొచ్చారు? ఇప్పుడేనా?"

ఇప్పుడే అని అబద్ధం చెప్పి వచ్చేసింది. ఆ సాయంత్రం తండ్రికి అంతా చెప్పింది. సారయ్య వల అల్లుతూ విన్నాడు. మనిషి మంచోడే బిడ్డా అన్నాడు. మొదటోడు గూడ మంచోడే కదా బాపు అంది భువన. ఆయన చేతిలో సూది ఆగింది.

మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు చేప ముక్క నోట్లో వేసుకోని ఇల్లు మా వైపు తక్కువ. సిద్దిపేట మార్కెట్లో చేపల దగ్గర నిలబడటానికి జాగా ఉండదు. సంఘంవాళ్లకు ఏడాదిలో అదే పెద్ద పండుగ, అదే పెద్ద పరీక్ష. ఊరంతా చేపలు అడుగుతుంటే, లావైన చేపలన్నీ కట్టడిలో తోకలు కొట్టుకుంటుంటే, చేతులు కట్టుకుని ఉండాలి. చెరువులో మిగతా చోట్ల ఎవరి వల ఎక్కడో మిరుగం ముందు రోజు పొద్దున చీటీలు వేసి తేల్చుకుంటారు.

ఆ చీటీల పొద్దున భువన కట్ట మీదుగా వస్తూ కట్టడి వైపు చూసింది. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఈతచెట్టు నుంచి గుండు దాకా వంపు తిరిగి ఎర్ర సీసాలు తేలుతున్నాయి. ఇరవై పైనే. ఎర్రమడుగులో నీటి మీద సీసా తేలితే దానికి ఒకటే అర్థం. కింద వల కట్టి ఉంది.

ఆమె ఇంకేమీ చూడలేదు. సంఘం భవనం దాకా ఒక్క పరుగున వచ్చింది. నలభై మంది అక్కడే ఉన్నారు, చీటీల డబ్బా సారయ్య చేతిలో ఉంది.

"కట్టడిల వల పడ్డది" అంది.

సారయ్య డబ్బా కింద పెట్టాడు. ఎవరిది అని సంఘంవాళ్లలో రాజమల్లయ్య అడిగాడు. గా సారుది అంది. పొద్దున ఆరింటికే సిద్దిపేట పోయిండని ఎవరో అన్నారు. ఇంకెవరో పారిపోయిండు అన్నారు. నిప్పు లేనిదే పొగ వస్తదా అని వెనక నుంచి ఒకరు.

రాజమల్లయ్య చెడ్డవాడు కాదు. మిరుగానికి కూతురి అత్తగారింటివాళ్లు వస్తున్నారు, ఈ ఏడు అతని వలకు సరిగ్గా పడలేదు, అంతే. లేచి కండువా దులుపుకున్నాడు. "ఏడాది సంది కట్టు మీదున్న. ఎవ్వడో వచ్చి పట్టుకపోతుంటే ఇగ నేనెందుకు ఆగాలె? షరతు షరతే" అన్నాడు. అతని వెనక పది మంది లేచారు, వాళ్ల వెనక ఇంకో పది మంది. వలలు తేవడానికి ఇళ్లకు బయల్దేరారు. సారయ్యకు ఆపే హక్కు లేదు, షరతు నిజంగా షరతే. ఆయన కూతురి వైపు తిరిగాడు.

"నువ్వు వల చూసినవా బిడ్డా?"

"సీసాలు చూసిన."

"వల?"

భువన వల చూడలేదు. దిగి చూడాలన్న ఆలోచన కూడా రాలేదు. ఇప్పుడు కింద వల ఉన్నా లేకపోయినా, ఆమె ఒక్క మాటకు నలభై వలలు కట్టడిలో పడబోతున్నాయి. పైగా ఆ ఎర్రపిల్లలు అక్కడే ఉన్నాయి. నాలుగేళ్ల కింద చెరువు తన వేలు వల్ల పోయింది, ఈసారి తన నోటి వల్ల పోతుంది అనుకునేసరికి ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెరువుకు పరుగెత్తింది.

కట్ట మీదికి మనుషులు చేరే వేళకు ఆమె నడుము లోతు నీళ్లలో ఉంది. మొదటి సీసా అందుకుని లాగింది. బారెడు తాడు, కొసకు రాయి. వల లేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే. లాగి, పైకెత్తి, కట్ట మీదివాళ్లకు చూపించి, మళ్లీ వదులుతోంది. లోతు పెరిగేకొద్దీ నీళ్లు భుజాల దాకా వచ్చాయి. కొర్రమీను ఒకటి వచ్చి పిక్క మీద కరిచింది. అయినా ఆగలేదు.

"రాత్రి పట్టుకొని వల తీసుకపోయిండేమో, ఉత్త సీసాలు మిగిలినయేమో" అన్నాడు రాజమల్లయ్య, భుజాన వలతో. భువన ఇంకో సీసా అందుకుంది.

అప్పుడే ఆటో వచ్చి ఆగింది. రత్నాకర్ దిగాడు. వెనక ముగ్గురు ముసలివాళ్లు, ఎండకు ఉప్పుకు కాలిన మొహాలతో, ఒక నడివయసు ఆడమనిషి. ముసలివాళ్లలో పెద్దాయన సీసాలను చూశాడు, కట్ట మీది వలలను చూశాడు, నీళ్లలోని పిల్లను చూశాడు. చేపలు పట్టేవాడికి చేపలు పట్టేవాడి కోపం చెప్పకుండానే తెలుస్తుంది. చెప్పు కాలితోనే రత్నాకర్‌ని ఒక అడుగు ముందుకు నెట్టాడు.

"ఎవర్నడిగి కట్టావురా?"

రత్నాకర్ మొహం పాలిపోయింది. బయటివాళ్లకు హద్దు తెలియడం లేదని విని, తెల్లవారుజామున తనే తెప్ప మీద వెళ్లి కట్టానన్నాడు. సముద్రంలో వాళ్ల కట్టడికి ఎర్ర సీసాలే హద్దు, ఆ రంగు చూస్తే ఎవరి పడవైనా వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ అదే సీసా కింద వల ఉంటుందని అతనికి తట్టలేదు. సారయ్య గారికీ భువన గారికీ ముందు చెబితే బావుండదని, చూసి సంతోషిస్తారని చెప్పలేదు అన్నాడు. ఆ పెద్దాయన వచ్చి సారయ్య ఎదుట చేతులు జోడించాడు. మీ కట్టడి చూసి నేర్చుకుందామని వచ్చాం, మావాడిది తప్పే, మీ నీళ్లలో మీ మాట లేకుండా తాడు కట్టాడు అన్నాడు.

అందరి చూపూ భువన మీదికి తిరిగింది. ఆమె చేతిలో ఇంకా ఒక సీసా ఉంది.

"నేను వల చూడలే" అంది, కట్ట చివరిదాకా వినబడేట్టు. "చూసినట్టే చెప్పిన. తప్పు నాది. ఇగ నా మాట సంఘంల ఎవ్వరు నమ్మకున్న సరే, కట్టడి మాత్రం తెగలే."

రాజమల్లయ్య సీసాలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు సీసాలు, ఇరవై రెండు రాళ్లు. "వల పడలే" అన్నాడు చివరికి, తన వలను ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ. "పాండ్రి, చీటీలు ఎయ్యాలె." ఒకరి వెనక ఒకరు కట్ట దిగారు.

భువన బురదతో ఒడ్డెక్కేసరికి ఆ నడివయసు ఆవిడ ఎదురొచ్చి, కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"నువ్వేనామ్మా భువనంటే? నిన్ను చూద్దామనే వీళ్లతో వచ్చానమ్మా. మావాడు నీకింకా చెప్పలేదట."

భువన రత్నాకర్ వైపు చూసింది. అతను నేల చూపులు చూస్తున్నాడు. ఇంకా చెప్పలేదు అంటే ఇదన్నమాట. దొంగల ముఠాను పిలుస్తున్నాడనుకుంటే కన్నతల్లిని పిలిచాడు. ఆ తల్లి ఊళ్లో దిగేలోపే, నలభై మంది ఎదుట, తను అతన్ని దొంగను చేసింది.

మిరుగం గడిచింది. అతిథులు సారయ్య ఇంట్లోనే తిన్నారు. రత్నాకర్ తల్లి భువన వడ్డించిన చేపల పులుసును రెండుసార్లు అడిగి వేయించుకుంది గానీ, వచ్చిన పని మాత్రం ఎత్తలేదు. మర్నాడు బస్సెక్కి వెళ్లిపోయారు. సంఘం కూర్చుని తప్పు వేసింది, ఇద్దరికీ. అడగకుండా కట్టినందుకు అతనికి, చూడకుండా అన్నందుకు ఆమెకు. కొర్రమీను పిల్లలు చెదిరిపోయి ఎవరి బతుకు అవి చూసుకునేదాకా ఇద్దరూ పొద్దంతా కట్టడికి కావలి కాయాలి. సీసాలు మాత్రం ఉండనివ్వాలని, వాటి కింద వల ఉండదని ఊరందరికీ డప్పు వేయించాలని రాజమల్లయ్యే అన్నాడు.

మొదటి వారం ఇద్దరి మధ్యా మాటల్లేవు. షెడ్డులో ఈ మూల ఒకరు, ఆ మూల ఒకరు. రెండో వారంలో భువన క్షమించమని అడిగింది. అతను క్షమించాడు, నిజంగానే క్షమించాడు. నేనూ అడగాల్సింది కదండీ అన్నాడు. అమ్మ వచ్చిన సంగతి మాత్రం ఎత్తలేదు. భువనకు కొత్త అనుమానం పట్టుకుంది. మనసు మార్చుకున్నాడా? లేక తల్లే వద్దందా? తనను దొంగ అన్న పిల్లను ఎవరు చేసుకుంటారు? అతని రాత పని కూడా అయిపోవచ్చింది. ఒకరోజు ఫోన్లో కాకినాడ బస్సు టైములు చూడటం ఆమె కళ్లారా చూసింది. అనుమానం కన్నా అది బాధ పెట్టింది. అంత బాధ ఎందుకో తెలిశాక ఆ రాత్రి ఆమెకు అన్నం దిగలేదు.

జూలైలో ముసురు పట్టింది. అలాంటి ఒక మధ్యాహ్నం సారయ్య గొంగడి కప్పుకుని కట్ట మీదికి వచ్చాడు. ఇద్దరూ షెడ్డు ముందు పక్కపక్కనే కూర్చుని, శ్రద్ధగా నీళ్ల వైపు చూస్తున్నారు. సారయ్య కూడా చూశాడు. ఎర్రగుంపు ఎక్కడా లేదు.

"పిల్లలు చెదిరిపోయి ఐదొద్దులాయె" అన్నాడు. "మీ తప్పు తీరింది. మరి గీడ ఏం కాస్తున్రు?"

రత్నాకర్ గబగబా లేచి ఏదో చెప్పబోయి తడబడ్డాడు. అతనికీ ఐదు రోజులుగా తెలుసని, తెలిసే రోజూ వస్తున్నాడని ఆ తడబాటు చూశాక భువనకు అర్థమైంది. ఇక దేనికీ ఆగలేదు.

"ఈయననే కాస్తున్న బాపు" అంది. "ఒద్దన్నా పోయేటట్టున్నడు."

రత్నాకర్ ఆమెను చూశాడు, సారయ్యను చూశాడు, మళ్లీ ఆమెను చూశాడు. "నువ్వు వద్దంటే పోనండి" అన్నాడు, ఏ మాటకు ఏ మర్యాద కలపాలో మరిచిపోయి. "అడిగితే ఇందులో ఏముందో అని మళ్లీ అనుమానపడతావేమోనని అడగలేదు. అమ్మ రోజూ అడుగుతోంది, ఆ పిల్ల ఏమంది అని."

"ఏమన్న అని చెప్పినవ్?"

"కావలి అయ్యాక చెబుతుంది అన్నాను."

సారయ్య గొంగడి సర్దుకుని ఇద్దరి మధ్యా కాక, కూతురికి అటు పక్కన కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి రత్నాకర్ చేతికిచ్చి, మీ అమ్మ నంబర్ కలుపు, నేను మాట్లాడతా అన్నాడు.